కోట గోడలు, కచేరీ గడపలు: సర్కారు భద్రత ఎవరి నుంచి?

ప్రభుత్వ కట్టడాల భద్రత అంటే అది పోలీసుల పని, ఇంజనీర్ల పని అని మనలో చాలామంది పక్కన పెట్టేస్తారు. దళిత ఉద్యమం భూమి గురించి మాట్లాడింది, కూలి గురించి మాట్లాడింది, రిజర్వేషన్ల గురించి, దాడుల గురించి మాట్లాడింది. ప్రహరీ గోడ గురించి, ఇనుప గేటు గురించి, పాసులు రాసే కిటికీ గురించి విడిగా మాట్లాడిన సందర్భాలు తక్కువ. అయితే మనవాళ్ళకు రాజ్యం మొట్టమొదట ఎదురుపడేది అక్కడే. చట్టంలో ఏం రాసి ఉందన్నది తర్వాతి సంగతి. అర్జీ పట్టుకొని పోయిన మనిషికి ముందు కనబడేది గేటు, ముందు వినబడేది "ఎవరు నువ్వు? ఏం పని? ఎవరు పంపిన్రు?" అనే ప్రశ్న.

గోడ ఎక్కడ లేపాలి, గేటు ఎంత వెడల్పు పెట్టాలి, ఎవర్ని ఆపాలి, ఎవర్ని ఆపకుండా పోనియ్యాలి అని గీతలు గీసేముందు ఎవరో ఒకరు కూర్చొని ఒక లెక్క వేస్తారు. మనకు ముప్పు ఎవరి నుంచి, నమ్మకం ఎవరి మీద అన్నదే ఆ లెక్క. దీన్నే ఈ శాస్త్రంలో ముప్పు అంచనా అంటారు. ఊరికి వాడ ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించిన సమాజంలో ఈ అంచనా కులానికి అతీతంగా జరిగిందని మేం నమ్మం. మూడున్నర శతాబ్దాల చరిత్రలోంచి కొన్ని కట్టడాలను, కొన్ని ఘటనలను ముందు పెట్టుకొని ఈ లెక్క ఎలా నడిచిందో చూడటమే ఈ వ్యాసం పని.

1. కోట ముందు ఖాళీ జాగా

తెలుగు జిల్లాల్లో చాలావాటికి 1953 అక్టోబరు 1 దాకా రాజధాని మద్రాసు. ఆ రాజధానికి నడిబొడ్డు సెయింట్ జార్జి కోట. ఈనాటికీ తమిళనాడు సచివాలయం అందులోనే ఉంది. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ దాన్ని కట్టుకున్నప్పుడు లోపల తెల్లవాళ్ళ పట్నం, బయట ఉత్తరాన కోటను ఆనుకొని బ్లాక్ టౌన్ అనే నల్లవాళ్ళ పట్నం వెలిశాయి. కంపెనీకి బట్టలు నేసినవాళ్ళు, అద్దినవాళ్ళు, మూటలు మోసినవాళ్ళు, దుబాసీలు, తెలుగు వర్తకులు అందరూ బయటి పట్నంలోనే ఉండేవాళ్ళు. ఆ పట్నానికి కావలి బాధ్యత పెద్దనాయకుడనే వంశపారంపర్య అధికారిది. ఆయన కింద తలారులు పనిచేసేవాళ్ళు. పెద్దనాయకన్ పేట అన్న పేరు ఇప్పటికీ ఆ నగరంలో మిగిలింది.

1746లో ఫ్రెంచివాళ్ళు కోటను పట్టుకున్నారు. 1749లో అది తిరిగి ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. ఈ యుద్ధాల కాలంలో ముందు ఫ్రెంచివాళ్ళు కొంత, తరువాత ఇంగ్లీషువాళ్ళు మిగతాది, కోటకు ఆనుకొని ఉన్న పాత బ్లాక్ టౌన్ ఇళ్ళను కూల్చేశారు. కారణం సూటిగానే ఉంది. ఇళ్ళు దగ్గరగా ఉంటే శత్రువు వాటి చాటున దాక్కుంటాడు, కోట మీది ఫిరంగికి గురి చిక్కదు. ఫిరంగి కంటికి అడ్డం లేని మైదానం కావాలి. పట్నం ఉత్తరానికి జరిగింది, పాత జాగా మైదానమైంది. 1892లో మద్రాసు హైకోర్టు లేచింది ఆ మైదానం మీదే.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, సర్కారు కట్టడం చుట్టూ ఖాళీ జాగా వదలాలన్న సూత్రం మన దేశంలో ఈమధ్య పుట్టింది కాదు. మొదటినుంచీ ఆ ఖాళీ జాగా ఎవరి ఇళ్ళు పోతే వచ్చిందో కూడా గుర్తుపెట్టుకోవాలి. కోటకు భద్రత కావాల్సి వచ్చినప్పుడు కోట జరగలేదు, కోటకు పనిచేసిన జనం జరిగారు.

హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ కథ దీనికి దగ్గరగా ఉంటుంది. 19వ శతాబ్దం మొదటి ఏళ్ళలో కిర్క్ పాట్రిక్ కట్టించిన ఈ భవనం అప్పట్లో కోటలా ఉండేది కాదు. పెద్ద స్తంభాలు, మెట్లు, తోటలతో దర్జా చూపించడానికి కట్టిన మేడ. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ల నాయకత్వంలో జనం దాని మీదికి పోయారు. ఎదురుగా ఉన్న ఇళ్ళను పట్టుకొని అక్కడినుంచి కాల్పులు జరిపారు. దాడి ఓడిపోయింది. మౌల్వీని అండమాన్ కు పంపారు, తుర్రెబాజ్ ఖాన్ ను తరువాత చంపేశారు. దాని తర్వాత రెసిడెన్సీ ప్రహరీని బలపరిచి బురుజులు కట్టారు. మేడ కోటగా మారింది.

1857 తర్వాత దేశమంతటా ఇదే జరిగింది. తిరుగుబాటుదార్లు ఖజానాల మీద, జైళ్ళ మీద పడ్డారు గనక ఖజానాకు, జైలుకు, ఆయుధాగారానికి గట్టి గోడలు వచ్చాయి. దండు ప్రాంతాలు, సివిల్ లైన్లు ఊళ్ళకు దూరంగా లేచాయి. తాలూకా కచేరీ ఆవరణలోనే ఖజానా, దాని పక్కనే సబ్ జైలు, ముందు పోలీసు పహరా. తెలుగు జిల్లాల్లో పాత తాలూకా కచేరీలు చూసినవాళ్ళకు ఈ పొందిక కొత్త కాదు. జనం పని మీద వచ్చేచోటు, డబ్బు దాచేచోటు, మనుషుల్ని బంధించేచోటు ఒకే గోడలో ఉండటంతో అర్జీ ఇవ్వడానికి వచ్చినవాడు కూడా ఖజానాకు వచ్చిన ముప్పులాగే కనిపించాడు.

2. కావలి మనది, గడప వాళ్ళది

ఇక ఊరి సంగతికి వద్దాం. సర్కారుకు ఊళ్ళో ఉన్న భద్రతా యంత్రాంగం పేరు తలారి, వెట్టి. తలారి ఊరికి కావలి. కొన్నిచోట్ల బోయలు, కొన్నిచోట్ల మాలలు, ఇంకొన్నిచోట్ల వేరే కులాలు ఈ పనిలో ఉండేవి. వెట్టివాడు మాత్రం ఎక్కువచోట్ల మాలవాడో, మాదిగవాడో. తెలంగాణలో సుంకరి చేసిందీ ఇలాంటి పనే. రైతులను కచేరీకి పిలుచుకు రావడం, దండోరా వేయడం, అధికారి వస్తే సామాను మొయ్యడం, పంట కళ్ళాల కాడ కాపలా ఉండటం వీళ్ళ పని. అన్నిటికంటే ముఖ్యమైనది ఇరసాలు. ఊళ్ళో వసూలైన శిస్తు డబ్బు తాలూకా ఖజానాకు చేర్చేటప్పుడు మూట వెంట నడిచింది ఈ మనుషులే. దారిలో దొంగలు పడితే ముందు తల పగిలేది వీళ్ళది.

మహారాష్ట్రలో మహర్లదీ ఇదే కథ. ఊరి సరిహద్దులకు సాక్షి మహరు, ఊరికి కావలి మహరు, సర్కారు ఖజానా కదిలితే తోడు పోయేది మహరు. ఈ కొలువుకు బదులు ఇచ్చిన వతన్ భూమి వాళ్ళను ఊరికి కట్టేసే తాడైంది. అందుకే అంబేద్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో వతన్ సవరణ బిల్లు పెట్టారు. అది నెగ్గలేదు. ఆయన పోయిన తర్వాత 1958లో గాని ఆ వతన్లు రద్దు కాలేదు. మన రాష్ట్రంలో 1984లో కరణం, మునసబుల వంశపారంపర్య పదవులు పోయాయి. కింది సేవకుల కొలువు మాత్రం పేరు మార్చుకొని నడిచింది. తెలంగాణలో గ్రామ రెవెన్యూ సహాయకులను రెగ్యులర్ ఉద్యోగాల్లోకి తీసుకోవడం మొదలైంది 2023లో.

సర్కారు సొమ్ము మోయడానికి పనికొచ్చిన ఈ మనిషి సర్కారు గది గడప దాటడానికి మాత్రం పనికిరాలేదు. చావడి అరుగు కింద నిలబడటం, కాగితం చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టడం, పిలిస్తే దూరం నుంచే పలకడం మన పెద్దవాళ్ళు చెప్పగా విన్న సంగతులే. వీటికి శాసన సభల సాక్ష్యం కూడా ఉంది. 1923 ఆగస్టు 4న బొంబాయి శాసనమండలి ఎస్.కె. బోలే ప్రతిపాదించిన తీర్మానాన్ని ఆమోదించింది. దాన్ని చాలామంది చెరువులు, బావుల తీర్మానంగానే గుర్తుపెట్టుకున్నారు, ఎందుకంటే 1927లో మహద్ చెరువు పోరాటం దాని మీద నిలబడి సాగింది. కానీ ఆ తీర్మానంలో ప్రభుత్వ బడులు, కోర్టులు, ఆఫీసులు, దవాఖానాలు కూడా ఉన్నాయి.

మరుసటి ఏడే, 1924 ఆగస్టులో, మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టి నెగ్గించారు. అణగారిన తరగతుల వాళ్ళు ఏ ప్రజా రహదారి మీదనైనా నడవొచ్చునని, ఏ ప్రభుత్వ కార్యాలయ ఆవరణలోకైనా, బావి దగ్గరికైనా, చెరువు దగ్గరికైనా ఇతర హిందువులతో సమానంగా పోవచ్చునని దాని సారాంశం. సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని ఉత్తర్వుగా వెలువరించింది. బళ్ళారి నుంచి గంజాం దాకా తెలుగువాళ్ళున్న జిల్లాలన్నిటికీ ఇది వర్తించింది.

ఈ రెండు తీర్మానాలను భద్రత చరిత్రలో భాగంగా చదవాలని మేం అడుగుతున్నాం. ఒక మనిషి సర్కారు ఆఫీసులోకి పోవచ్చునని తీర్మానం చేయాల్సి వచ్చిందంటే అంతకుముందు పోనియ్యలేదనే కదా. ఆ ఆవరణకు గోడ ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదు. గోడ లేని చావడి కూడా మనల్ని బయటే ఉంచింది. ఇటుక అక్కర్లేకుండా దూరాన్ని నిలబెట్టగలిగిన కట్టడం కులం. లోపలికి అడుగుపెట్టినా ఆ దూరం పోలేదు. 1917లో బరోడా సంస్థానంలో పెద్ద ఉద్యోగానికి చేరిన అంబేద్కర్ బల్ల మీదికి నౌకర్లు కాగితాలు దూరం నుంచి విసిరేవాళ్ళన్నది అందరికీ తెలిసిన చరిత్రే.

3. అడవిలో ఠాణాలు

దూరం పాటించే ఆఫీసులు ఒకవైపు, జనం మీదికి పోయి కూర్చున్న ఠాణాలు ఇంకొకవైపు. మన్యంలో పోలీసు స్టేషన్లు పెట్టింది గిరిజనుల భద్రత కోసం కాదు. అటవీ చట్టాలు అమలు చేయడానికి, రోడ్డు పనులకు మనుషుల్ని తోలడానికి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా దాడి చేసి 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు పట్టుకుపోయింది. సర్కారు నేర్చుకున్న పాఠం ఆయుధాలు ఎక్కడ దాచాలన్నది, ఎంత బలగం దించాలన్నది. ఠాణా మీద గిరిజనుడికి అంత కోపం ఎందుకు వచ్చిందన్నది ముప్పు అంచనాలో చేరలేదు.

అరవై ఏళ్ళ తర్వాత తెలంగాణలో, మన్యంలో అదే కథ మళ్ళీ నడిచింది. నక్సలైట్ల దాడుల కాలంలో పోలీసు స్టేషన్ల ముందు ఇసుక బస్తాలు, ముళ్ళ కంచెలు, ఎత్తైన కావలి గదులు లేచాయి. 2010 ప్రాంతంలో కేంద్రం మావోయిస్టు ప్రభావిత రాష్ట్రాల్లో 400 స్టేషన్లను కోటల్లా కట్టడానికి ఒక్కొక్కదానికి 2 కోట్ల రూపాయల లెక్కన పథకం పెట్టింది. కాపలా ఉన్న కానిస్టేబులు ప్రాణం కూడా ప్రాణమే, అతను కూడా ఎక్కువచోట్ల పేదింటి బిడ్డే. ఆ ప్రాణానికి రక్షణ వద్దని మేం అనడం లేదు. ఆ ఇసుక బస్తాల మధ్యనుంచి, తుపాకి గొట్టం ఎదురుగా నడిచి లోపలికి పోయి "నన్ను కులం పేరుతో తిట్టి కొట్టిన్రు" అని ఫిర్యాదు రాయించాల్సిన మాదిగ ఆడమనిషి ఆ నక్షా గీసినవాళ్ళ కంటికి కనబడిందా అని అడుగుతున్నాం.

4. కారుకు తెరిచిన గేటు

ఇప్పుడు శాస్త్రం ఏం చెబుతోందో చూద్దాం. ఆధునిక భద్రతా నిర్మాణానికి మలుపు అమెరికాలోని ఓక్లహామా సిటీ పేలుడు. 1995 ఏప్రిల్ 19న ముర్రా ఫెడరల్ భవనం ముందు ఒక అద్దె ట్రక్కు నిండా పేలుడు పదార్థం నింపి ఆపారు. 168 మంది చనిపోయారు. అందులో 19 మంది పిల్లలు, ఎక్కువమంది ఆ భవనంలోని శిశు సంరక్షణ కేంద్రంలో ఉన్నవాళ్ళు. తొమ్మిది అంతస్తుల భవనం ముందు భాగం కిందపడటానికి కారణం ఒక్క పేలుడు బలమే కాదు. కింది అంతస్తుల్లో స్తంభాలు తక్కువ, పైబరువంతా ఒక పెద్ద దూలం మోస్తోంది. స్తంభం పోగానే దూలం పోయింది, దూలం పోగానే పై అంతస్తులన్నీ పోయాయి.

ఆ ఘటన తర్వాత అదే ఏడాది జూన్ లో అమెరికా న్యాయశాఖ ఫెడరల్ భవనాలను ఐదు స్థాయిలుగా విడగొట్టి ఏ స్థాయికి ఎంత రక్షణ కావాలో నివేదిక ఇచ్చింది. అప్పటినుంచి స్థిరపడిన సూత్రాలు పెద్ద కష్టమైనవేం కావు. వాహనానికీ భవనానికీ మధ్య దూరం పెంచాలి. పేలుడు బలం దూరంతో చాలా వేగంగా తగ్గిపోతుంది. కారును ఆపి మనిషిని పోనిచ్చే కురచ స్తంభాలు పాతాలి. కిటికీ అద్దం పగిలినా ముక్కలై ఎగరకుండా చూడాలి. ఒక స్తంభం పోయినా మిగతా భవనం నిలబడాలి. రక్షణ ఒక్క గోడ మీద ఆధారపడకుండా పొరలు పొరలుగా ఉండాలి: ముందు కనిపెట్టడం, తర్వాత ఆలస్యం చేయడం, ఆలోగా బలగం చేరుకోవడం.

ఇందులో మనం పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. దూరం కావాల్సింది వాహనం నుంచి. కాలినడకన వచ్చే మనిషి నుంచి కాదు. మనిషికి, అతని చేతిసంచికి తనిఖీ చాలు. ఇంకొక సంగతి కూడా ఉంది. ఓక్లహామాలో పేలుడు జరిగిన మొదటి గంటల్లో అనుమానమంతా అరబ్బుల మీదికి, ముస్లింల మీదికి పోయింది. చేసింది మాత్రం ఆ దేశ సైన్యంలో పనిచేసి వచ్చిన తెల్లవాడు తిమోతీ మెక్ వే. ముప్పు ఎవరి నుంచి అన్న లెక్కలో మొహం చూసి వేసిన అంకె తప్పింది.

మన దేశంలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. కలెక్టరాఫీసుకు పోయి చూడండి. పెద్ద అధికారి కారుకు గేటు దానంతటదే తెరుచుకుంటుంది, కారు పోర్టికో కిందికి, మెట్ల దాకా పోతుంది. కాళ్ళకు చెప్పులు లేని మనిషి గేటు బయట చెట్టుకింద ఆగుతాడు. శాస్త్రం దూరం పెట్టమన్నదాన్ని దగ్గరికి రానిస్తున్నారు, తనిఖీ చేసి పంపొచ్చు అన్నదాన్ని దూరం పెడుతున్నారు.

దీని ఫలితం 2001 డిసెంబరు 13న పార్లమెంటులో కనబడింది. ఐదుగురు సాయుధులు తెల్ల అంబాసిడర్ కారులో వచ్చారు. కారుకు ఎర్రబుగ్గ ఉంది, హోంశాఖ స్టిక్కరు ఉంది. గేటు తెరుచుకుంది. కారును అనుమానించి గోల పెట్టిన మొదటి మనుషుల్లో సి.ఆర్.పి.ఎఫ్. కానిస్టేబుల్ కమలేశ్ కుమారి ఒకరు. ఆమె చేతిలో తుపాకి లేదు. ఆమె హెచ్చరికతో లోపలి తలుపులు మూయగలిగారు, ఆమె మాత్రం తూటాలకు బలైంది. ఆమెకు మరణానంతరం అశోకచక్ర ఇచ్చారు. ఆ రోజు చనిపోయిన తొమ్మిదిమందిలో పోలీసులున్నారు, పార్లమెంటు కావలి సిబ్బంది ఉన్నారు, కేంద్ర ప్రజా పనుల శాఖ తోటమాలి ఒకరున్నారు. సభ్యులెవరికీ దెబ్బ తగల్లేదు. స్టిక్కరును నమ్మింది వ్యవస్థ, దాని ధర చెల్లించింది గేటు కాడి మనుషులు.

సరిగ్గా ఇరవై రెండేళ్ళకు, 2023 డిసెంబరు 13న, కొత్త పార్లమెంటు భవనంలో ఇద్దరు యువకులు సందర్శకుల గ్యాలరీ నుంచి లోక్ సభలోకి దూకి రంగు పొగ వదిలారు. పొగ డబ్బాలు బూట్లలో దాచుకొచ్చారు. పాసు వచ్చింది ఒక ఎంపీ సిఫారసు మీద. రెండుసార్లూ తలుపు తెరిచింది పలుకుబడి గుర్తే. ఒకసారి స్టిక్కరు, ఇంకోసారి సిఫారసు. 2024 మేలో పార్లమెంటు భద్రతను సి.ఐ.ఎస్.ఎఫ్. కు అప్పజెప్పారు. బలగం మారింది. పలుకుబడికి గేటు తెరిచే అలవాటు మారిందా అన్నది ఎవరూ బహిరంగంగా చర్చించలేదు.

5. బల్ల ముందు తాడు

అర్జీదారుడి నుంచి ముప్పే లేదా అని అడిగేవాళ్ళుంటారు. ఉంది. 2019 నవంబరు 4న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్ మెట్ లో భూమి తగాదా ఉన్న ఒక వ్యక్తి మహిళా తహసీల్దారు మీద ఆమె గదిలోనే పెట్రోలు పోసి నిప్పంటించాడు. ఆమె అక్కడికక్కడే చనిపోయింది. కాపాడబోయిన డ్రైవరు మరుసటి రోజు చనిపోయాడు. దాడి చేసినవాడూ కాలి చనిపోయాడు. దీన్ని ఏ పేరుతోనూ సమర్థించలేం. తన పని తాను చేసుకుంటున్న ఉద్యోగిని ప్రాణం, అడ్డం పోయిన డ్రైవరు ప్రాణం, ఈ రెంటికీ జవాబుదారీ ఉండాలి.

ఆ తర్వాత ఏం చేశారన్నదే మా ప్రశ్న. ఆ వారాల్లో రెండు రాష్ట్రాల రెవెన్యూ ఆఫీసుల్లో భయం పాకింది. కర్నూలు జిల్లాలో ఒక తహసీల్దారు గదిలో బల్లకు కాస్త దూరంలో అడ్డంగా తాడు కట్టారు. అర్జీదారులు తాడు అవతలే నిలబడి కాగితం చాచి అందించాలి. పత్రికల్లో ఆ ఫొటో చూసి చాలామంది నవ్వుకున్నారు. మాకు నవ్వు రాలేదు. తాడు కట్టిన అధికారి కులం మీద మా మాట కాదు, ఆ భయం నిజమైనదే. అయినా కాగితం దూరం నుంచి చాచి ఇవ్వడమనే ఆ భంగిమ మన ముత్తాతల ఒంట్లో ఉన్నదే.

తాడు పెట్రోలును ఆపదు. పెట్రోలు సీసాను ఆపేది గుమ్మం కాడ సంచుల తనిఖీ. గదికి రెండో తలుపు ఉంటే మనిషి పారిపోగలదు. మంటలార్పే పరికరం చేతికందే దూరంలో ఉంటే, దాన్ని వాడటం నౌకరుకు నేర్పితే ప్రాణం దక్కొచ్చు. అన్నిటికంటే ముందు, ఏళ్ళ తరబడి పాసు పుస్తకం కోసం తిరుగుతున్నవాడి ఫైలు ఎక్కడ ఆగిందో చెప్పే కిటికీ ఒకటి ఉంటే కోపం గది దాకా రాదు. ఇవన్నీ భద్రతా నిర్మాణంలో భాగాలే. తాడు మాత్రం భద్రత కాదు, భయానికి గుర్తు.

6. మన భద్రత సంగతి

ఇంతవరకూ సర్కారు మనుషుల భద్రత గురించి మాట్లాడాం. సర్కారు కట్టడానికి వచ్చే దళితుడి భద్రత ఆ నక్షాలో ఎక్కడుంది?

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. బతికినవాళ్ళు తెనాలిలో తలదాచుకున్నారు. విచారణ ఊళ్ళోనే జరగాలని బాధితులు పట్టుబట్టారు. సాక్షులు కూలీలు. వాయిదా వాయిదాకు దూరం పోతే కూలి పోతుంది, దారిలో బెదిరింపు ఉంటుంది, పరాయి ఊరి కోర్టు వరండాలో ముద్దాయిల పక్కనే నిలబడాల్సి వస్తుంది. పోరాడి సాధించుకున్న ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టడం అదే మొదలు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ తీర్పు మీద మన ఆగ్రహం వేరే సంగతి. ఇక్కడ చెప్పదలచింది ఒకటే: కోర్టు ఎక్కడ ఉండాలన్నది భద్రతా ప్రశ్న అని చుండూరు దళితులు ఏ నిపుణుడూ చెప్పకముందే కనిపెట్టారు. సాక్షికి కావాల్సింది ఎత్తైన గోడ కాదు, తగ్గిన దూరం.

చట్టం ఆ వెనక నెమ్మదిగా నడిచింది. 1989 చట్టానికి 2015లో చేసిన సవరణ బాధితుల, సాక్షుల హక్కులను విడిగా ఒక అధ్యాయంలో చేర్చింది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, బెదిరింపుకు లోనయ్యే సాక్షుల కోసం జిల్లా కోర్టుల్లో విడి గదులుండే సముదాయాలు కట్టమంది. సాక్షికి వేరే దారి, వేరే నిరీక్షణ గది, ముద్దాయి మొహం కనబడకుండా వాంగ్మూలం చెప్పే ఏర్పాటు. ఇవి ఇంజనీరు గీసే గీతలే. మీ జిల్లా కోర్టులో ఇవి ఉన్నాయా లేదా పోయి చూడమని విద్యార్థులను, న్యాయవాద మిత్రులను అడుగుతున్నాం.

పోలీసు స్టేషన్ విషయంలోనూ అంతే. 2020 డిసెంబరు 2న పరమ్ వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో కెమెరాలు పెట్టమని ఆదేశించింది. లోపలికి, బయటికి ఉన్న దారులన్నిటిలో, లాకప్పుల్లో, వరండాల్లో, ఇన్ స్పెక్టరు గదిలో, స్టేషన్ వెనక భాగంలో. మాట కూడా రికార్డు కావాలి, రాత్రి చీకట్లోనూ కనబడాలి, రికార్డును 18 నెలలు దాచాలి. కెమెరా అనగానే జనాన్ని కనిపెట్టే యంత్రం అనుకుంటాం. ఈ తీర్పు దాన్ని లాఠీ వైపు తిప్పింది. 2021 జూన్ లో యాదాద్రి జిల్లా అడ్డగూడూరు స్టేషన్లో దళిత మహిళ మరియమ్మ కస్టడీలో చనిపోయింది. తీర్పు వచ్చి అప్పటికి ఆరు నెలలు. సర్కారు కట్టడం లోపలే ప్రాణం పోయే ముప్పు ఉన్నప్పుడు, ఆ కట్టడం భద్రతా ప్రణాళిక మొదటి పేజీలో రాయాల్సింది ఆ ముప్పే.

7. బోర్డు మీద పేర్లు

హైదరాబాదులో ఇప్పుడు మూడు కట్టడాల బోర్డులు మన చదువరులకు సంతోషం కలిగించేవే. 1857లో బురుజులు కట్టుకున్న రెసిడెన్సీ 1949లో ఆడపిల్లల కాలేజీ అయింది. ఇప్పుడు అది చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయం. గడీ గోడలను లెక్క చేయని పాలకుర్తి రజక స్త్రీ పేరు, తుపాకీ కోసం కట్టిన గోడ మీద. 2023 ఏప్రిల్ 30న తెరిచిన కొత్త సచివాలయానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ముఖ్యమంత్రి నివాసంగా ఉండిన ప్రగతి భవన్ ముందు రోడ్డు మీది ఇనుప కంచెను 2023 డిసెంబరు 7న కోసి తీసేశారు. దానికి ఫూలే పేరు పెట్టారు, మరుసటి రోజే అక్కడ ప్రజావాణి మొదలైంది. కంచె పోయినంత మాత్రాన భవనం కూలలేదు, ఎవరికీ అపాయం జరగలేదు. అంటే అన్నేళ్ళు ఆ కంచె ఆపింది ముప్పును కాదు.

పేర్లు వచ్చాయి, మంచిదే. గేటు సంగతి మిగిలింది. మేం అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు.

ఒకటి, దూరం కార్లకు పెట్టండి, మనుషులకు వద్దు. ఎవరి కారైనా తనిఖీ తర్వాతే, అదీ భవనానికి ఎడంగా. కాలినడకన వచ్చినవాళ్ళకు నీడ, నీళ్ళు, కూర్చోడానికి బల్ల, తనిఖీ అయ్యాక సూటిగా లోపలికి దారి. రెండు, ఎవర్ని ఆపాలన్నది గేటు కాడి మనిషి ఇష్టానికి వదలకుండా రాతపూర్వకంగా పెట్టండి, ఆపితే కారణం రాసిన చీటీ ఇవ్వండి. మూడు, కాపలా ఉండే హోంగార్డు, ఏజెన్సీ గార్డు, ఊడ్చే మనిషి, తోటమాలి పేర్లు కూడా రక్షించాల్సినవాళ్ళ జాబితాలో రాయండి. ఇరసాలు మూట మోసిన కాలం నుంచి మొదటి దెబ్బ తింటున్నది వాళ్ళే. నాలుగు, కోర్టు, స్టేషన్ నక్షాలు ఆమోదించేముందు అత్యాచార కేసుల్లో సాక్ష్యం చెప్పినవాళ్ళను పిలిచి అడగండి. ఏ దారిలో భయం వేసిందో వాళ్ళకు తెలుసు.

1924లో మద్రాసు మండలిలో శ్రీనివాసన్ అడిగింది కార్యాలయ ఆవరణలోకి పోయే హక్కు. నూరేళ్ళు దాటింది. కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ మండలాఫీసును, స్టేషన్ను, కోర్టును ఒకసారి కొలిచి చూడాలి. గేటు నుంచి అర్జీ తీసుకునే బల్ల దాకా ఎన్ని అడుగులో, మధ్యలో ఎంతమంది ఆపుతున్నారో, కారులో వచ్చినవాణ్ణి ఎంతమంది ఆపుతున్నారో రాసిపెట్టాలి. ఆ తీర్మానం ఎంతవరకు అమలైందో ఆ లెక్కల్లో తేలుతుంది.